ఎడమ భుజం మీద నిచ్చెన

ముత్సుయే ఫిల్మును కింది పెదవికి తాకించింది. అంటుకుంది. అంటే ఇదే మందు పూసిన వైపు.

కత్తెరతో ఒక్క కోత. బ్లేడుతో ఒక బొమ్మ మేర మందు గీకింది. కుంచెతో జిగురు రాసి, రెండో ముక్క చివరను దాని మీద పెట్టి, ఇనప బిళ్ళ దించి బొటనవేలితో నొక్కిపట్టింది. పది ఊపిర్లు లెక్కపెట్టాలి. తొమ్మిదికి తీస్తే అతుకు ఊడుతుంది. పదకొండు దాకా ఉంచితే ఫిల్ము ముడుచుకుంటుంది. ఇరవైమూడేళ్ళుగా ఆమె పదే లెక్కపెడుతోంది.

ఈ ఉదయం మాత్రం ఏడో ఊపిరి దగ్గర గుండె ఒకసారి తప్పటడుగు వేసింది. ఈ నెలలో ఇది నాలుగోసారి. ముత్సుయే దాన్ని పట్టించుకోలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. బిళ్ళ ఎత్తింది.

కోత గది స్టూడియోకి ఉత్తరపు చివర ఉంది. నవంబరు చలి గోడల్లోంచి వస్తున్నా కుంపటి పెట్టడానికి వీల్లేదు. పాత ఫిల్ము తుపాకి మందులా అంటుకుంటుంది, నీళ్ళకు కూడా ఆరదు. అందుకే ఆరుగురు ఆడవాళ్ళూ కాళ్ళ కింద వేడినీళ్ళ రేకు డబ్బాలు పెట్టుకుని, చేతులకు తెల్ల నూలు తొడుగులు వేసుకుని వరసగా కూర్చుంటారు. గది నిండా జిగురు వాసన, మరీ మాగిపోయిన అరటిపండు వాసనలా.

ముత్సుయేకి నలభైతొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. వంగి వంగి భుజాలు ముందుకు జారిపోయాయి. కళ్ళజోడు చెవికి దారంతో కట్టి ఉంటుంది. కింది పెదవి మధ్యలో బొత్తామంత తెల్లటి మచ్చ. రోజుకు వందసార్లు ఫిల్ము అంటించుకుని తీసిన చోటు అది. వందకు పైగా సినిమాల నెగెటివ్‌లు ఆమె చేతుల్లోంచి వెళ్ళాయి. ఒక్క సినిమా మొదట్లోనూ ఆమె పేరు పడలేదు. ఈ పని చేసేవాళ్ళ పేర్లు ఎవరివీ పడవు.

పక్క బల్ల నుంచి చిజుకో వంగింది. ఇరవైనాలుగేళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు.

"అక్కా, మొన్న క్యాంటీన్‌లో హీరోగారు నీ పక్కనే కూర్చుని నూడుల్స్ తింటే, ఎవరు బాబూ నువ్వు, కొత్తగా చేరావా అని అడిగావట! నిజమేనా?"

"నిజమే."

"అయ్యయ్యో! ఆయన సినిమాలు పది కోసుంటావు నువ్వు!"

"పన్నెండు. కానీ మొన్న ముఖం తెల్లగా ఉంది. ఎలా గుర్తుపట్టను?"

గదంతా నవ్వింది. నెగెటివ్‌లో ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటాయి. ముత్సుయేకి తెలిసిన నటులంతా అలాంటి వాళ్ళే.

తొమ్మిదిన్నరకు విభాగం పెద్ద నిషివాకి వచ్చాడు. చంకలో తుప్పు పట్టిన ఐదు డబ్బాలు. ముత్సుయే బల్ల మీద దించాడు. పైన చీటీ మీది అక్షరాలు చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆ అక్షరాలు ఆమెవే. ‘ఐదో నంబరు గేటు.’ దర్శకుడు కుజిరాయి. షోవా చక్రవర్తి పాలనలో పద్దెనిమిదో సంవత్సరం. పద్నాలుగేళ్ళ కిందటిది.

"దీన్ని మళ్ళీ విడుదల చేస్తున్నారు," అన్నాడు నిషివాకి. "కుజిరాయి గారికి విదేశాల్లో బహుమతి వచ్చాక ఆయన ఏం తీసినా జనం చూస్తారని కంపెనీ నమ్మకం. కొత్త ప్రింట్లు పదిహేను. కొత్త సంవత్సరానికి థియేటర్లలో ఉండాలి."

కొత్త ప్రింట్లు. ముత్సుయే ఆ రెండు మాటలూ విని, ఆ తరువాతివి వినలేదు.

ఆ సినిమాను అప్పట్లో ఎవరూ చూడలేదు. యుద్ధం నడుమ రెండు థియేటర్లలో ఒక వారం ఆడింది. రైలు గేటు కాపలావాడి కథ. పెళ్ళాం చచ్చిపోతుంది, వాడు గేటు ఎత్తుతూ దించుతూ ఉంటాడు, జనం అటూ ఇటూ నడుస్తుంటారు. పోరాటం లేదు, పాట లేదు. పత్రికలు నాలుగు వాక్యాలు రాసి వదిలేశాయి. ప్రింట్లు బాంబుదాడిలో కాలిపోయాయి. మిగిలింది ఈ నెగెటివ్ ఒక్కటే.

అందులో ఎనభైఎనిమిదో షాట్‌లో ముత్సుయే భర్త ఉన్నాడు.

యసుకిచి సెట్లు కట్టే వడ్రంగి. ఆ రోజు గేటు దాటి నడవాల్సిన జూనియర్ నటుడు రాలేదు. సామాను మోస్తున్న యసుకిచిని పిలిచి, టోపీ పెట్టి, పొడుగు కోటు తొడిగి, నిచ్చెన భుజాన వేసుకుని నడవమన్నారు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని గర్వంగా చెప్పాడు. "తొమ్మిది సెకన్లు నడిచానోయ్. డైరెక్టర్ గారు బాగుందన్నారు. నువ్వే కోస్తావుగా, చూసుకో." రెండు రోజుల తరువాత పట్టాళానికి పిలుపు మీద వెళ్ళిపోయాడు. యుద్ధం ముగిశాక, చనిపోయిన సిపాయిల అస్థికలు పంపే తెల్లటి పెట్టె ఒకటి వచ్చింది. విప్పితే అందులో పేరు రాసిన చెక్కముక్క ఒక్కటే ఉంది. బాంబుదాడిలో ఇల్లు, పెళ్ళి ఫోటో, అన్నీ పోయాయి. ఆ తొమ్మిది సెకన్లు తప్ప యసుకిచి ఎక్కడా లేడు.

సినిమా ఆడిన వారంలో ఆమె వెళ్ళలేదు. వార్తా చిత్రాల పని మీద రోజంతా ఈ బల్ల దగ్గరే ఉంది. తరువాత చూడొచ్చులే అనుకుంది.

ఏటా శరదృతువులో పాత నెగెటివ్‌లను గాలి తగిలేలా విప్పి మళ్ళీ చుడతారు. ఈ ఐదు డబ్బాలను ముత్సుయే మరొకరికి ఇవ్వదు. ఎనభైఎనిమిది దగ్గర ఆగుతుంది. ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి, నిచ్చెన ఎడమ భుజం మీదికి వచ్చేలా తిప్పుకుని చూస్తుంది. కుడి భుజం ఎముక విరిగినప్పటి నుంచి యసుకిచి ఏదైనా ఎడమ భుజం మీదే మోసేవాడు. ఆ ముక్కను మాత్రం పెదవికి తాకించదు. పనిలో ఫిల్మును చూసినట్టు ఆయన్ని చూడటం ఆమెకు ఇష్టం లేదు. బొమ్మలో టోపీ తెల్లగా మెరుస్తుంది. టోపీ నీడ పడిన ముఖం మాత్రం పలచగా, అద్దంలా, ఏమీ లేకుండా ఉంటుంది. ఆ ఖాళీలో ఆమె ఏటా ఒక ముఖం పెట్టుకుంది. ఆ ముఖం కూడా ఈమధ్య సరిగా గుర్తుకు రావడం లేదు.

ఇప్పుడు కొత్త ప్రింట్లు వస్తాయి. తెల్లది నల్లగా, నల్లది తెల్లగా తిరగబడుతుంది. కొత్త సంవత్సరంలో టికెట్టు కొనుక్కుని చీకట్లో కూర్చుంటే చాలు.

"వింటున్నావా ముత్సుయే?" నిషివాకి ఒక కాగితం ముందు పెట్టాడు. "తొంభైఏడు నిమిషాల సినిమా. రెండు సినిమాలు ఒకే టికెట్టు మీద వేస్తున్నారు కాబట్టి డెబ్భైనాలుగుకు తగ్గాలి. కోతల జాబితా కుజిరాయి గారే పెన్సిల్‌తో రాసిచ్చారు. ఈ సాయంత్రానికి పూర్తి చెయ్యి. తీసేసిన ముక్కలు మామూలే, నాలుగింటికి చెత్త బండికి."

ముత్సుయే జాబితా మీద వేలు నడిపింది. నాలుగో డబ్బా. ఎనభై నుంచి నూటొకటి వరకు. మొత్తం తీసేయాలి.

వేలు అక్కడే ఉండిపోయింది.

"ఏం, అనుమానమా?"

"లేదండి."

నిషివాకి వెళ్ళిపోయాడు. గోడ గడియారం పది చూపిస్తోంది. చెత్త బండి రావడానికి ఆరు గంటలు. కోసిన ముక్కలు డబ్బాలోకి, డబ్బా బండి మీదికి. వ్యాపారి వాటిని మందునీళ్ళలో నానబెట్టి వెండి కడుక్కుంటాడు. ఒక్క ముక్క కూడా గది దాటి బయటికి పోకూడదు. ఈ గదిలో అన్నిటికంటే పెద్ద నియమం అది. పక్క ఊరి స్టూడియోలో ఎవరో జ్ఞాపకంగా ఇంటికి తీసుకెళ్ళిన మూర ఫిల్ముకు మొత్తం వీధి కాలిపోయింది.

ఆమె మొదటి డబ్బా మూత తీసింది.

పదకొండు గంటలకు కుజిరాయి స్వయంగా వచ్చాడు. గదిలో అందరూ లేచి వంగి నమస్కరించారు. పొట్టిగా, మెడకు ఉన్ని పట్టీ చుట్టుకుని, జలుబుతో ముక్కు ఎర్రబడి ఉన్నాడు. సిగరెట్టు కాల్చనివ్వరు కాబట్టి ఈ గదికి వచ్చినప్పుడల్లా జేబు నిండా కమలాపళ్ళు తెచ్చుకుంటాడు.

"ముత్సుయే గారూ, ఇంకా మీరేనా? అప్పుడు కోసిందీ మీరేగా?"

"అవునండి."

"అప్పుడే ఇంకాస్త కోసేయాల్సింది. మీరైనా చెప్పకపోయారా?" నవ్వాడు. తొక్క తీస్తూ ఆమె భుజం మీంచి ఫిల్ము చూశాడు. "గేటు దగ్గర పదకొండు నిమిషాలు. మనుషులు నడుస్తుంటే చూస్తూ కూర్చోవడమే సినిమా అనుకున్నాను అప్పట్లో. కుర్రతనం. ఇప్పుడు చూస్తే సిగ్గేస్తోంది."

అడగాలి. తొమ్మిది సెకన్లు. ఇరవైమూడు నిమిషాలు పోతున్నాయి, అందులో తొమ్మిది సెకన్లు ఉంచమంటే ఈయన కాదంటాడా? ఎవరైనా అడిగితే షాటు మొత్తం ఉంచేసే మనిషని పేరుంది. మాట పెదవి దాకా వచ్చింది.

"ఆ నడిచే..." అంది.

"ఆఁ?"

"ఆ నడిచే వాళ్ళందరూ పోతారాండి?"

"అందరూ. ఒక్కణ్ణి ఉంచితే మిగతావాళ్ళు ఏరీ అని జనం అడుగుతారు." ఆమె చేతిలో ఒక కమలాపండు పెట్టాడు. "మీ పెదవి పగిలింది. తినండి."

ఆయన వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది. పండు బల్ల మీద ఉంది. చిజుకో కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది.

"అక్కా! కుజిరాయి గారు నీకు పండిచ్చారు! తినకు, గూట్లో పెట్టుకో."

ముత్సుయే గుండె మళ్ళీ తడబడింది. ఈసారి రెండుసార్లు.

పన్నెండుకు భోజనం గంట కొట్టారు. ఆమె టిఫిన్ డబ్బాలో చల్లటి అన్నం, మధ్యలో ఉప్పు రేగుపండు. ఏళ్ళ తరబడి ఆ పులుపు తగిలి అల్యూమినియం మూత మధ్యలో సూది బెజ్జమంత చిల్లు పడింది. అన్నం ముట్టకుండా కమలాపండు తీసుకుని ఆవరణ దాటి ప్రింట్లు వేసే షెడ్డుకు నడిచింది.

త్సుమురా ఎర్ర దీపం కింద నిలబడి ఉన్నాడు. అరవై దాటాయి. మందునీళ్ళలో నానీ నానీ గోళ్ళు టీ రంగుకు తిరిగాయి. యసుకిచితో కలిసి తాగిన మనిషి.

"చెల్లెమ్మా! నువ్వేనా? ఈ గడప తొక్కి ఎన్నేళ్ళయింది? నిచ్చెన మీంచి పడి వాడు భుజం ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు వచ్చావు, మళ్ళీ ఇప్పుడు."

ఆమె పండు అతని చేతిలో పెట్టింది. చెప్పింది. చెప్పడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

త్సుమురా పండు తొక్క తీయలేదు. "అంటే ఇన్నేళ్ళూ వాణ్ణి నెగెటివ్‌లోనే చూస్తున్నావా?"

"ప్రింటు వేయించాలంటే ఆర్డరు కాగితం కావాలి కదా అన్నయ్యా."

"కాగితమా! మా కుర్రవెధవలు ప్రియురాళ్ళ ఫోటోలు ఈ తొట్లలోనే కడుక్కుంటారు. నీకు కాగితం కావాల్సొచ్చిందా? ఒక్కసారి అడిగి ఉంటే..." ఆగాడు. ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "సరే. మూడింటికి ఒక పరీక్ష చుట్ట మిషన్‌లో పెడుతున్నాను. దాని తోకకు నీ ముక్క తగిలిస్తాను. పావుగంటలో కడిగి ఇచ్చేస్తా. నెగెటివ్ నాలుగింటికి ముందే నీ చెత్త డబ్బాలో ఉంటుంది, ఎవరికీ తెలీదు. మూడు దాటితే మాత్రం మిషన్ కడిగేస్తాం."

"ముఖం టోపీ నీడలో ఉంది. ఏమీ కనబడదు."

"నెగెటివ్‌లో నీకు కనబడదు. నీడలో ఉన్నదాన్ని బయటికి లాగడమే నా పని. వెలుతురు తగ్గించి వేస్తాను. ముక్కు మీది పుట్టుమచ్చ కూడా లెక్కపెట్టుకుందువు గాని."

"పుట్టుమచ్చ లేదు."

"మాటవరసకన్నానమ్మా. వాడి నిచ్చెన చూస్తే చాలదూ? గుడ్డివాడైనా గుర్తుపడతాడు, ఎడమ భుజం యసుకిచిని."

పన్నెండూ నలభైకి ఆమె బల్ల దగ్గర ఉంది. ఎనభైఎనిమిది నాలుగో డబ్బాలో ఉంది. ఇంకా రెండో డబ్బా సగమే అయింది. డబ్బాలు వరస తప్పి తెరవకూడదు. వరస తప్పితే అంకెలు తప్పుతాయి. ఆ నియమాన్నీ ఆమె ఎప్పుడూ దాటలేదు, ఈ రోజు కూడా దాటాలని తోచలేదు. త్వరగా చేయడం ఒక్కటే దారి.

పెదవి. కత్తెర. బ్లేడు. జిగురు. పది ఊపిర్లు. ఊపిర్లను మాత్రం తొందరపెట్టలేదు. మిగతా అన్నిట్లోంచీ క్షణాలు కోసింది. చిజుకో ఏదో అడిగితే జవాబివ్వలేదు. కాళ్ళ కింది డబ్బా చల్లారినా నీళ్ళు మార్చలేదు. రెండో డబ్బా ఒకటీ ఇరవైకి. మూడోది రెండూ ఐదుకి. నుదుటి మీద చెమట. నవంబరులో కుంపటి లేని గదిలో చెమట. ఎడమ చెయ్యి మోచేతి దాకా బరువెక్కింది.

"అక్కా, ఎవరైనా తరుముతున్నారా? ముఖం పాలిపోయింది."

"పనుంది."

రెండూ నలభై. ఎనభైకి ముందు కత్తెర పడింది. నూటొకటి తరువాత మరో కోత. పదకొండు నిమిషాల గేటు గుడ్డ సంచీలోకి జారింది. ఆమె తొడుగు వేసిన వేళ్ళతో వెతికి, చివర తాను రాసిన అంకె చూసి, ఎనభైఎనిమిదిని వేరు చేసింది. రెండు బారలకు పైన. చుట్ట చుట్టి, టిఫిన్ డబ్బాలో అన్నం పక్కకు నెట్టి, గుడ్డముక్కలో పెట్టి మూత వేసింది.

జీవితంలో మొదటిసారి గది నియమం దాటి బయటికి నడిచింది. ఆవరణ మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. త్సుమురా తలుపు దగ్గరే చూస్తున్నాడు. మూడుకు మూడు నిమిషాలు.

"పరిగెత్తావా ఏం? కూర్చో. నీళ్ళు తాగు."

ఆమె కూర్చుంది. లోపల మిషన్ తిరిగింది. తొట్లలో నీళ్ళ చప్పుడు. పద్నాలుగేళ్ళు ఆగిన మనిషికి పావుగంట ఎంత? అయినా ఆమె ఊపిర్లు లెక్కపెడుతూ కూర్చుంది. నూట ఎనభైలో ఎక్కడో లెక్క తప్పింది.

త్సుమురా తడి ఆరీ ఆరని ఫిల్మును చేతుల మీద వేసుకుని వచ్చాడు. బొమ్మలు చూసే మిషన్‌లో ఎక్కించాడు. దీపం వేశాడు. పోస్టుకార్డంత గాజు మీద వెలుతురు పడింది. పక్కకు జరిగి చోటిచ్చాడు.

రైలు గేటు. నల్లటి నేల. పైకెత్తిన కర్ర. ఒక మనిషి కుడి నుంచి వచ్చాడు. నల్ల టోపీ, పొడుగు కోటు. భుజం మీద నిచ్చెన.

కుడి భుజం మీద.

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. త్సుమురా చేతితో మిషన్ తిప్పుతున్నాడు, నెమ్మదిగా. మనిషి గేటు మధ్యకొచ్చి ముఖం కొంచెం ఇటు తిప్పాడు. టోపీ నీడలోంచి ముఖం పైకి వచ్చింది. త్సుమురా చెప్పినట్టే వచ్చింది, చెక్కినట్టు, గీత గీతగా. సన్నటి ముఖం. కోసుకుపోయినట్టున్న గడ్డం. నలభై దాటిన మనిషి.

ఎవరో.

మనిషి గేటు దాటి బయటికి వెళ్ళిపోయాడు. తొమ్మిది సెకన్లు. గాజు మీద ఉత్త తెల్లటి వెలుతురు.

త్సుమురా చెయ్యి మిషన్ పిడి మీదే ఉంది. అతను యసుకిచిని పదేళ్ళు ఎరుగును. ఆమె వైపు చూడకుండా దీపం వైపు చూస్తున్నాడు. ఆ చూపు ఎటు తిప్పాలో తెలియక అతను పడుతున్న అవస్థ ఆమెకు అర్థమైంది.

"ఆయనే," అంది ముత్సుయే.

త్సుమురా దీపం ఆర్పాడు. "ఆఁ... వాడే. అదే నడక."

"ముఖం బాగా తీశావన్నయ్యా."

"ఆఁ."

"ప్రింటు నీ దగ్గరే ఉంచు. నేను ఇంటికి పట్టుకెళ్ళకూడదు."

"ఇది ఆ పాత రకం కాదు చెల్లెమ్మా, అంటుకోదు. పట్టుకెళ్ళొచ్చు."

"నీ దగ్గరే ఉంచు."

నెగెటివ్ చుట్టను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, వంగి నమస్కరించి వచ్చేసింది.

గదిలో ఎవరూ ఆమె రావడం గమనించలేదు. బల్ల ముందు కూర్చుని డబ్బా తెరిచి, ఎనభైఎనిమిదిని కిటికీ వెలుతురుకు ఎత్తింది. ఎప్పటిలాగే నిచ్చెన ఎడమ భుజం మీదికి వచ్చేలా తిప్పింది. తరువాత, ఆ ముక్కకు ఎన్నడూ చేయని పని చేసింది. ఫిల్ములో తన వైపున్న పక్కను కింది పెదవికి తాకించింది.

అంటుకుంది.

తిప్పి రెండో వైపు తాకిస్తే జారిపోయింది, మళ్ళీ మొదటి వైపే తాకించింది. అంటుకుంది. మందు పూసిన వైపు తనకేసి పెట్టుకుని ఆమె ఏటా చూసింది తిరగేసిన బొమ్మ. ఫిల్ము గాజు లాంటిది, ఏ వైపు నుంచైనా కనబడుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. పనిలో చేరిన మొదటి రోజు కొత్తపిల్లకు నేర్పే పాఠం అది. చిజుకోకు నేర్పింది ఆమే.

తల మీది అల్మారాలో పాత కోత పుస్తకాలు ఉంటాయి. పద్దెనిమిదో సంవత్సరం పుస్తకం ఇన్నేళ్ళూ అక్కడే, చేతికందే ఎత్తులోనే ఉంది. తెరవాల్సిన పని పడలేదు. ఇప్పుడు దింపింది. ‘ఐదో నంబరు గేటు.’ ఎనభైఎనిమిదో వరస. తన చేతిరాతే, గుండ్రంగా, తప్పు లేకుండా.

మొదటిసారి తీసింది, నవంబరు ఆరు: చెత్త.
రెండోసారి తీసింది, నవంబరు తొమ్మిది: వాడాలి.

ఎనిమిదో తేదీ ఉదయం ఆమె స్టేషన్లో కాగితం జెండా పట్టుకుని నిలబడింది. రైలు కదిలాక కూడా ఊపింది. మర్నాడు జూనియర్ నటుడు వచ్చి ఉంటాడు. అదే టోపీ, అదే కోటు, అదే నిచ్చెన. మళ్ళీ తీశారు. ఆ సంగతి యసుకిచికి తెలియదు. డిసెంబరులో రెండు ముక్కలూ ఈ బల్ల మీదికి వచ్చాయి. కోసేవాళ్ళు బొమ్మలు చూడరు, అంకెలు చూస్తారు. బొమ్మలు చూస్తే చెయ్యి నెమ్మదిస్తుంది. ఆమె అంకెలే చూసింది. జాబితాలో ఉన్నట్టు ఒకటి అతికింది, ఒకటి సంచీలో వేసింది.

ఆ రోజుల్లో చెత్త ఫిల్ము మందు కడిగేసి దువ్వెనలు చేసేవారు.

ఆమె పుస్తకం మూసి, ఎక్కడిది అక్కడ పెట్టింది.

నాలుగింటికి బండి గంట వినిపించింది. బయట వ్యాపారి అరిచాడు. "అమ్మలూ, చెత్త! చలికి చచ్చిపోతున్నాను, త్వరగా!"

"నువ్వు చస్తే మాకు పని తప్పుతుందిలే!" చిజుకో అరిచింది. మళ్ళీ గదిలో నవ్వు.

ముత్సుయే గుడ్డ సంచీ విప్పి పదకొండు నిమిషాల గేటును డబ్బాలోకి దించింది. చివర ఎనభైఎనిమిదిని కూడా వేసింది. ఆ మనిషి ఎవరో పాపం, ఏటా ఒకసారి ఆమె చూపు మోశాడు. మూత పెట్టి డబ్బా చిజుకోకి అందించింది.

"నువ్విచ్చేసి రా. నాకు ఇంకో అతుకు ఉంది."

డెబ్భైతొమ్మిది, నూటరెండు. మధ్యలో ఉన్నదంతా పోయింది కాబట్టి ఈ రెండూ ఇప్పుడు పక్కపక్కన. పెదవికి తాకించింది. గీకింది. జిగురు రాసింది. చివరల్ని కలిపి, బిళ్ళ దించి, బొటనవేలితో నొక్కిపట్టి లెక్క మొదలుపెట్టింది.

చిజుకో తిరిగొచ్చేసరికి ఆమె అలాగే ఉంది. తల కొంచెం వంచి, వేలు బిళ్ళ మీద పెట్టి. పనిలో ఉన్నప్పుడు అక్కను పలకరిస్తే చిరాకు పడుతుంది కాబట్టి చిజుకో ఊరుకుంది. వేడినీళ్ళు తెచ్చుకుంది. తన డబ్బా నింపుకుని, అక్కది కూడా నింపి కాళ్ళ కింద పెట్టింది. పాదాలు కదల్లేదు. అప్పుడు ముఖంలోకి చూసింది.

తరువాత నిషివాకి వచ్చి ఆ వేలిని మెల్లగా తొలగించి బిళ్ళ ఎత్తాడు. ఫిల్ము కొంచెం ముడుచుకుంది, అంతే. అతుకు గట్టిగా పట్టుకుని ఉంది. ఐదో డబ్బా మర్నాడు చిజుకో పూర్తి చేసింది. డెబ్భైనాలుగు నిమిషాలు.

దహనం అయ్యాక ఎముకల పాత్రను ఆమె అద్దె గదిలో, టీ పెట్టె మీద, యసుకిచి పేరున్న చెక్క ముందు పెట్టారు. ఆమె గుర్తింపు కార్డు ఫోటో ఒకటి దొరికింది. పక్కన పెట్టడానికి భర్తది ఏదీ లేదు.

చిజుకో త్సుమురా దగ్గరికి వెళ్ళింది. ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడ వేసింది. "ఆ రోజు అక్క నీ దగ్గరికొచ్చిందట కదా పెదనాన్నా. ఏదో ప్రింటు వేశావట. ఆయనదేనా?"

త్సుమురా చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు.

"వాడిదే," అన్నాడు.

ఆ సాయంత్రం ఒక్కడే కూర్చుని, తొమ్మిది సెకన్లలోంచి ముఖం తిప్పిన బొమ్మ ఒకటి ఏరాడు. దాని నుంచి ఒక నెగెటివ్ చేసి, పెద్ద ఫోటో తీశాడు. కాగితం మీద వెలుతురు వేసే ముందు ఒక్క క్షణం ఆగి, ఫిల్మును తీసి తిరగేసి పెట్టాడు. సన్నటి నల్ల చట్రం కొని కట్టించి తెచ్చాడు. అందరూ చూసి, ముఖంలో మంచితనం కనబడుతోంది అన్నారు.

కర్మలు ముగిసే నలభైతొమ్మిదో రోజున అకితా నుంచి ముత్సుయే అన్న కొడుకు వచ్చాడు. అత్తనే రెండుసార్లు మాత్రం చూసినవాడు, మామను ఎరగడు. ఎముకల పాత్రను, పేరు చెక్కను, కార్డు ఫోటోను బట్టలో మూటగట్టాడు. చట్రం మూటలో పట్టలేదు. రెండుసార్లు ప్రయత్నించి, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకెళతానని ఇంటావిడకు చెప్పి, రైలు వేళవుతోందని వెళ్ళిపోయాడు.

ఖాళీ గదిలో టీ పెట్టె మీద నల్ల చట్రం ఉండిపోయింది. అందులో టోపీ పెట్టుకున్న మనిషి గేటు దాటుతున్నాడు, నిచ్చెన ఎడమ భుజం మీద.